రేడియో యాంటెన్నాకు కో-యాక్సియల్ కేబుల్‌ను ఎలా ఎంచుకోవాలి

డాబా మీద యాంటెన్నా, కింది గదిలో రేడియో సెట్టు పెట్టుకునేవారు ఆ రెండింటి ఎంపికకు నెలల తరబడి ఆలోచిస్తారు. మధ్యలో వేయవలసిన కేబుల్‌ను మాత్రం చివరికి మిగిలిన డబ్బుతో, దుకాణంలో ఏది దొరికితే అది కొనేస్తారు. 50 వాట్ల సెట్టు నుంచి బయలుదేరిన శక్తిలో యాంటెన్నాకు 12 వాట్లు మాత్రమే చేరడం, మిగిలినదంతా కేబుల్‌ను వెచ్చబెట్టడానికే సరిపోవడం ఇలాంటి ఇళ్లలో మామూలుగా జరిగేదే. కేబుల్ కొనేముందు వేసుకోవలసిన లెక్కను, కొనేటప్పుడు చూడవలసిన గుర్తులను, తెచ్చిన తరువాత చేయవలసిన పరీక్షలను, బిగింపులో తీసుకోవలసిన జాగ్రత్తలను ఇక్కడ వరుసగా చెబుతాను. ఉదాహరణకు లైసెన్సు ఉన్న ఒక హ్యామ్ (అభిరుచి కోసం రేడియో ప్రసారం చేసేవారు) మూడంతస్తుల ఇంటి డాబా మీద 145 మెగాహెర్ట్జ్ యాంటెన్నా నిలబెట్టారని, అక్కడి నుంచి సెట్టు వరకు కేబుల్ దారి 30 మీటర్లని అనుకుందాం. డీటీహెచ్ డిష్‌కైనా, విమానాల సంకేతాలు పట్టే రిసీవర్‌కైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

ముందుగా ఒక ముక్క కోసి చూడండి

ఆర్‌జీ-58 కేబుల్ ముక్క ఒకటి తీసుకుని, చివర రెండు అంగుళాల మేర బ్లేడుతో జాగ్రత్తగా ఒలవండి. పైన నల్లటి పీవీసీ తొడుగు, దాని కింద కళాయి పూసిన సన్నటి రాగి తీగల అల్లిక, అల్లికను వెనక్కి జరిపితే పాలరంగు పాలిథిలిన్ ఇన్సులేషన్, దాని నడుమ 19 సన్నని పోగులను పెనవేసిన మధ్య తీగ కనిపిస్తాయి. మేలురకం కేబుళ్లలో అల్లిక కింద పలుచని అల్యూమినియం రేకు కూడా చుట్టి ఉంటుంది. సిగ్నల్ శక్తి ప్రయాణించేది నిజానికి మధ్య తీగకు, అల్లికకు నడుమ ఉన్న ఆ ఇన్సులేషన్‌లోనే. కరెంటు మధ్య తీగ పైపొరలోనూ, అల్లిక లోపలి పొరలోనూ మాత్రమే పారుతుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర లోతు ఇంచుమించు 6.6 మైక్రాన్లు, 1000 మెగాహెర్ట్జ్ దగ్గర 2 మైక్రాన్లు మాత్రమే. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు మరింత పలుచని పొరలోకి ఒదగవలసి వస్తుంది కనుక నిరోధం పెరుగుతుంది, దానితోపాటు నష్టమూ పెరుగుతుంది. అందువల్ల ఒక కేబుల్ మంచిదా కాదా అని అడిగితే ఏ ఫ్రీక్వెన్సీకి, ఎంత పొడవుకు అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

50 ఓమ్‌లా, 75 ఓమ్‌లా తేల్చుకోండి

కేబుల్ మీద అచ్చువేసిన 50 లేదా 75 ఓమ్‌ల ఇంపీడెన్స్, అంటే కేబుల్‌లో పోయే సిగ్నల్ వోల్టేజీకి, కరెంటుకు ఉన్న నిష్పత్తి, మల్టీమీటరుతో కొలిస్తే కనిపించేది కాదు. పొడవు మారినా అది మారదు. మధ్య తీగ వ్యాసానికి, అల్లిక లోపలి వ్యాసానికి ఉన్న నిష్పత్తిని బట్టి, నడుమ ఉన్న ఇన్సులేషన్ స్వభావాన్ని బట్టి అది నిర్ణయమవుతుంది. కేబుల్‌ను తలుపు సందులో నలిపినా, గట్టిగా మడిచినా ఆ చోట ఈ నిష్పత్తి చెడిపోయి సిగ్నల్‌లో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. నడుమ గాలి మాత్రమే ఉన్న కేబుల్‌లో నష్టం 77 ఓమ్‌ల దగ్గర కనిష్ఠంగా ఉంటుంది, మోయగల శక్తి 30 ఓమ్‌ల దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య రాజీగా 50 ఓమ్‌లు ప్రసార పరికరాలలో స్థిరపడ్డాయి. సిగ్నల్‌ను అందుకోవడం మాత్రమే పనిగా ఉన్న టీవీ, కేబుల్ టీవీ, డిష్ రంగాలు 75 ఓమ్‌ల వైపు నిలిచాయి.

మీరు ప్రసారం చేసేవారైతే 50 ఓమ్‌ల కేబుల్‌నే తీసుకోండి. వినడం మాత్రమే మీ పని అయితే ఈ విషయంలో పట్టుదల అక్కరలేదు. 50 ఓమ్‌ల పరికరానికి 75 ఓమ్‌ల కేబుల్ తగిలించినప్పుడు ఆ కూడలిలో వెనక్కి తిరిగే శక్తి 4 శాతం మాత్రమే, డెసిబెల్‌లలో 0.18. చెవికి గాని, రిసీవర్‌కు గాని అది తెలియదు. ఈ చిన్న వెసులుబాటు ఎక్కడ పనికొస్తుందో కాసేపట్లో చూద్దాం.

కాగితం మీద నష్టం లెక్క వేయండి

మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. డెసిబెల్ లెక్కకు మూడు సంగతులు గుర్తుంటే చాలు: 3 డెసిబెల్‌ల నష్టమంటే శక్తి సగమవుతుంది, 6 అంటే పావు వంతు మిగులుతుంది, 10 అంటే పదో వంతు మిగులుతుంది. తయారీదారులు ప్రతి కేబుల్‌కూ వివిధ ఫ్రీక్వెన్సీల దగ్గర 100 మీటర్లకు ఎన్ని డెసిబెల్‌ల నష్టమో పట్టికగా ఇస్తారు. ఆ అంకెను మీ పొడవుతో గుణించి 100తో భాగించండి. పట్టికలో మీ ఫ్రీక్వెన్సీ లేకపోతే దగ్గరి అంకె తీసుకుని, ఫ్రీక్వెన్సీ నాలుగింతలైతే నష్టం ఇంచుమించు రెండింతలవుతుందన్న అంచనాతో సరిపెట్టుకోవచ్చు. పై ఫ్రీక్వెన్సీలలో ఇన్సులేషన్ నష్టం కూడా తోడవుతుంది కనుక అసలు నష్టం ఈ అంచనా కన్నా కొంత ఎక్కువే ఉంటుంది.

మన 30 మీటర్ల ఉదాహరణకు వద్దాం. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆర్‌జీ-58లో 145 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు 20 డెసిబెల్‌లు పోతాయి. అంటే 30 మీటర్లకు 6 డెసిబెల్‌లు, 50 వాట్లు ఇస్తే యాంటెన్నాకు చేరేది పన్నెండున్నర వాట్లు. 10.3 మిల్లీమీటర్ల ఆర్‌జీ-213 వేస్తే నష్టం సుమారు రెండున్నర డెసిబెల్‌లకు తగ్గి 27, 28 వాట్లు పైకి చేరతాయి. అదే మందం ఉన్న ఎల్‌ఎంఆర్-400లో నష్టం సుమారు ఒకటిన్నర డెసిబెల్ మాత్రమే కనుక 35 వాట్లకు పైగా చేరతాయి. బయటి మందం ఒకటే అయినా ఈ తేడా రావడానికి కారణం ఇన్సులేషన్‌లో ఉంది. ఆర్‌జీ-213లో గట్టి పాలిథిలిన్ ఉంటే, ఎల్‌ఎంఆర్-400లో గాలి బుడగలతో నిండిన ఫోమ్ పాలిథిలిన్ ఉంటుంది. ఇన్సులేషన్‌లో గాలి పాలు పెరిగితే అదే 50 ఓమ్‌లు నిలుపుకొంటూ మధ్య తీగను మరింత లావుగా చేయడానికి వీలవుతుంది. ఒకదానిలో అది 2.25 మిల్లీమీటర్లు, రెండోదానిలో 2.74 మిల్లీమీటర్లు.

ఇదే దారిలో 435 మెగాహెర్ట్జ్ నడపాలనుకుంటే కథ పూర్తిగా మారిపోతుంది. ఆర్‌జీ-58లో సుమారు 11 డెసిబెల్‌లు పోయి 50 వాట్లలో మూడు, నాలుగు వాట్లు మాత్రమే పైకి చేరతాయి. ఎల్‌ఎంఆర్-400లో 27 వాట్ల వరకు చేరతాయి. భారతదేశంలో హ్యామ్‌లకు 144–146, 434–438 మెగాహెర్ట్జ్ పట్టీలు రెండూ ఉన్నాయి కనుక, ఇవాళ మొదటిది మాత్రమే వాడుతున్నా రెండోదానికి లెక్క కట్టి కేబుల్ కొనమనే నా సలహా. మరోవైపు 7 మెగాహెర్ట్జ్ తీగ యాంటెన్నా మాత్రమే కట్టుకున్నవారికి ఈ ఖర్చు దండగ. అక్కడ 30 మీటర్ల ఆర్‌జీ-58లో పోయేది ఒక డెసిబెల్‌కు కాస్త అటూ ఇటూ మాత్రమే, అవతలివారికి ఆ తేడా తెలియదు.

విమానాలు 1090 మెగాహెర్ట్జ్ మీద పంపే సంకేతాలను పట్టాలనుకునేవారికి ఈ లెక్క వింతగా తోచే జవాబు ఇస్తుంది. 10 మీటర్ల ఆర్‌జీ-58లో సుమారు 6 డెసిబెల్‌లు పోతాయి, అంటే పట్టిన సిగ్నల్‌లో పావు వంతే రిసీవర్‌కు చేరుతుంది. ప్రతి వీధిలోనూ డిష్ వైరు పేరుతో దొరికే 75 ఓమ్‌ల ఆర్‌జీ-6లో పోయేది రెండు డెసిబెల్‌లకు కాస్త పైన మాత్రమే. ఇంపీడెన్స్ సరిపోలకపోవడం వల్ల పోయే 0.18ని దానికి కలిపినా ఆర్‌జీ-6దే పైచేయి. పైగా యాంటెన్నాకు, మొదటి యాంప్లిఫయర్‌కు నడుమ పోయే ప్రతి డెసిబెల్ రిసీవర్ గురగురకు నేరుగా తోడవుతుంది. కనుక చిన్న యాంప్లిఫయర్‌ను యాంటెన్నా పక్కనే స్తంభం మీద బిగించి, దానికి విద్యుత్తు కేబుల్ ద్వారానే పంపే ఏర్పాటు చేసుకోండి. అలా చేసినప్పుడు కిందికి వచ్చే కేబుల్ ఏ రకమన్నది పెద్ద సమస్య కాదు.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చెప్పేది అలాగే నమ్మకండి

పాత కేబుల్ ఇప్పటికే ఉంది, మీటరులో ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కి తిరిగే సిగ్నల్ ఎంతో చెప్పే అంకె, 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది) చక్కగా 1.6 చూపిస్తోంది, ఇంకెందుకు మార్చాలని అడిగేవారున్నారు. పైన చెప్పిన 30 మీటర్ల ఆర్‌జీ-58నే తీసుకుని, దాని చివర యాంటెన్నా ఊడిపోయిందనుకోండి. సెట్టు నుంచి వెళ్ళిన శక్తి పైకి పోతూ 6 డెసిబెల్‌లు కోల్పోతుంది, తెగిన చివర నుంచి మొత్తం వెనక్కి తిరిగి, కిందికి వస్తూ మరో 6 కోల్పోతుంది. మొత్తం 12 డెసిబెల్‌ల నష్టం తరువాత మీటరుకు చేరిన ప్రతిఫలనం ఎంత చిన్నదంటే, మీటరు 1.67 అని చూపిస్తుంది. యాంటెన్నాయే లేని స్టేషన్‌కు దాదాపు మంచి అంకె! కేబుల్ ఎంత పాతబడి, నీరు పట్టి చెడిపోతే మీటరు అంత మంచి అంకె చూపిస్తుంది. అందువల్ల ఎస్‌డబ్ల్యూఆర్‌ను వీలైతే యాంటెన్నా దగ్గరే కొలవాలి. కొన్నేళ్ళుగా స్థిరంగా ఉన్న అంకె ఏ మరమ్మతూ చేయకుండానే మెరుగుపడిందంటే సంతోషించకుండా కేబుల్‌ను అనుమానించండి.

దుకాణంలో ఏం చూడాలి

ఆర్‌జీ అన్నది రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం ఇచ్చిన వరుస పేరు. ఇవాళ ఆ పేరు అచ్చువేసినంత మాత్రాన కేబుల్ ఆనాటి ప్రమాణానికి తగినట్టుందని హామీ ఏమీ లేదు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ వంటి చోట మీటర్ల లెక్కన కొనేటప్పుడు చిన్న అయస్కాంతం, బ్లేడు జేబులో ఉంచుకోండి. ఒక అంగుళం ముక్క అడిగి తీసుకుని, తొడుగు తొలగించి అల్లికను చూడండి. పోగుల మధ్య నుంచి తెల్లటి ఇన్సులేషన్ బాగా కనిపిస్తూ, లోపల రేకు కూడా లేకపోతే ఆ కేబుల్‌ను వదిలేయండి. అటువంటి కేబుల్ లోపలి సిగ్నల్‌ను బయటికి పోనిస్తుంది, వీధిలోని ఎల్‌ఈడీ దీపాల, ఇన్వర్టర్ల రొదను లోపలికి రానిస్తుంది.

తరువాత మధ్య తీగకు అయస్కాంతం తగిలించండి. అతుక్కుంటే అది రాగి పూత పూసిన ఉక్కు తీగ. పై ఫ్రీక్వెన్సీలలో కరెంటు పారేది పూతలోనే కనుక సిగ్నల్‌కు ఇది లోపం కాదు. డిష్ కేబుల్‌లో మాత్రం 950–2150 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌తో పాటు డిష్ ముందు ఉండే ఎల్‌ఎన్‌బీ పెట్టెకు 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు కూడా అదే తీగ మీద పోవాలి. ఉక్కు తీగ నిరోధం పూర్తి రాగి తీగకు నాలుగింతలకు పైగా ఉంటుంది. పొడవు ఎక్కువైతే వోల్టేజీ పడిపోయి సగం ఛానెళ్ళు రాకుండా పోయే ఇబ్బంది రావచ్చు. 40, 50 మీటర్లు దాటిన చోట, లేదా స్తంభం మీది యాంప్లిఫయర్‌కు విద్యుత్తు పంపే చోట పూర్తి రాగి మధ్య తీగ ఉన్న ఆర్‌జీ-6నే అడగండి. సీసీ కెమెరాలకు వేసే త్రీ ప్లస్ వన్ వైరును కూడా కొందరు యాంటెన్నాకు చూపిస్తారు. అందులోని సన్నటి కో-యాక్సియల్ వీడియో సిగ్నల్ కోసం చేసినది, దాన్ని యాంటెన్నాకు వాడకండి.

పై తొడుగు గురించి అమ్మేవారు సాధారణంగా చెప్పని సంగతి ఒకటి ఉంది. మామూలు పీవీసీని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి ఇన్సులేషన్‌లోకి ఇంకి నష్టాన్ని పెంచుతుంది. పాత ఆర్‌జీ-8కు బదులుగా వచ్చిన ఆర్‌జీ-213లో ఆ దోషం లేని పీవీసీ వాడటం ప్రమాణంలోనే ఉంది. మన ఎండలకు డాబా మీద నల్లటి పాలిథిలిన్ తొడుగు ఇంకా మేలు. తెల్లటి తొడుగు గోడకు అందంగా ఉంటుందని ఎండలో వేస్తే త్వరగా పెళుసెక్కి పగులుతుంది.

కనెక్టర్లు

కేబుల్‌కు తగిన కనెక్టర్‌ను అదే రోజు, అదే దుకాణంలో, కేబుల్ ముక్కకు తొడిగి చూసి కొనండి. 145 మెగాహెర్ట్జ్ వంటి వీహెచ్‌ఎఫ్ సెట్లలో చాలావాటికి తగిలించే పీఎల్-259 కనెక్టర్‌లో ఇంపీడెన్స్ నిలకడగా ఉండదు, అయినా 145 మెగాహెర్ట్జ్ వరకు దానితో నెట్టుకురావచ్చు. 435కు ఎన్ కనెక్టర్ వాడండి. 1940లలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన పాల్ నీల్ రూపొందించిన ఈ కనెక్టర్‌కు ఆయన ఇంటిపేరు మొదటి అక్షరమే పేరైంది. దీనిలో 75 ఓమ్‌ల రకం కూడా ఉంది. దాని పిన్ను సన్నగా ఉంటుంది కనుక, దాని సాకెట్‌లోకి 50 ఓమ్‌ల లావు పిన్ను నెడితే సాకెట్ పాడవుతుంది. చిన్న రిసీవర్లకు ఉండే ఎస్‌ఎంఏ అనే చిన్న మర కనెక్టర్ కొనేటప్పుడు మరతో పాటు లోపల పిన్ను ఉందో, రంధ్రం ఉందో కూడా చూడండి. వైఫై రౌటర్లకు వాడే తిరగేసిన రకం పైకి అచ్చం ఎస్‌ఎంఏలాగే బిగుసుకుంటుంది, లోపల మాత్రం ఏదీ దేనికీ తగలదు.

సోల్డర్ చేసేటప్పుడు వేడి బాగా ఉన్న పెద్ద ఐరన్‌తో క్షణాలలో పని ముగించాలి. చిన్న ఐరన్‌తో చాలాసేపు కాలిస్తే పాలిథిలిన్ మెత్తబడి మధ్య తీగ పక్కకు జరుగుతుంది, ఒక్కోసారి అల్లికకు తగిలిపోతుంది. ఆర్‌జీ-6 అల్లిక అల్యూమినియంది, దానికి సోల్డర్ అంటదు. దానికి కంప్రెషన్ రకం ఎఫ్ కనెక్టర్ వేసి, అవసరమైతే ఎస్‌ఎంఏకు మార్చే అడాప్టర్ తగిలించండి. ఎల్‌ఎంఆర్-400 వంటి బిరుసు కేబుల్‌ను నేరుగా చిన్న సెట్టుకు బిగిస్తే దాని బరువుకే సాకెట్ వదులవుతుంది. గోడ దగ్గర దాన్ని ఆపి, అక్కడి నుంచి మీటరు పొడవు ఆర్‌జీ-58 ముక్కతో సెట్టుకు కలపండి. ఆ ముక్కలో పోయేది 145 దగ్గర 0.2 డెసిబెల్ మాత్రమే.

పైకి ఎక్కించే ముందు పరీక్షించండి

కేబుల్ నేల మీద చుట్టగా ఉండగానే మల్టీమీటరుతో మధ్య తీగకు, అల్లికకు మధ్య చూడండి. అవతలి చివర ఖాళీగా ఉంటే ఏ కనెక్షన్ కనిపించకూడదు, అవతల రెండింటినీ కలిపితే అతి తక్కువ నిరోధం కనిపించాలి. ఈ రోజుల్లో చాలామంది హ్యామ్‌ల దగ్గర కేబుళ్లను, యాంటెన్నాలను కొలిచే చిన్న పరికరం నానోవీఎన్‌ఏ ఉంటుంది కనుక అరువు తెచ్చుకోవడం కష్టం కాదు. దాన్ని కాలిబ్రేట్ చేసి, కేబుల్ అవతలి చివర ఖాళీగా వదిలి, మీ ఫ్రీక్వెన్సీ దగ్గర రిటర్న్ లాస్ (సిగ్నల్ వెళ్ళి తిరిగి వచ్చేసరికి అయ్యే నష్టం) చదవండి. అందులో సగమే ఒకవైపు నష్టం. 145 దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-213 అని అమ్మిన కేబుల్ 5 డెసిబెల్‌ల చుట్టుపక్కల చూపితే సరైనదే. 9, 10 చూపితే చుట్టను కోయకుండా దుకాణానికి వెనక్కి తీసుకెళ్ళండి. కొత్తగా ఉన్నప్పుడు వచ్చిన అంకెను తేదీతో సహా రాసి ఉంచుకుంటే కేబుల్ ముసలిదవుతున్న సంగతి తరువాత తెలుస్తుంది.

కేబుల్ ముక్కను పావు తరంగం పొడవుకు కోసి వాడే సందర్భాలలో ఇన్సులేషన్ రకాన్ని మరవకండి. 145 మెగాహెర్ట్జ్ పావు తరంగం గాలిలో 51.7 సెంటీమీటర్లు. సిగ్నల్ వేగం గాలిలోని వేగంలో 0.66 వంతుకు తగ్గే గట్టి పాలిథిలిన్‌లో అది 34 సెంటీమీటర్లు, 0.85 ఉండే ఫోమ్ కేబుల్‌లో 44 సెంటీమీటర్లు అవుతుంది.

బిగింపు, నీరు, కోతులు

వంపులు వీలైనంత గుండ్రంగా ఉండాలి. కేబుల్ మందానికి పదింతల వ్యాసార్థం ఉంచితే భయం లేదు. పిట్టగోడ అంచు మీదుగా దించేటప్పుడు అక్కడ పీవీసీ పైపు వంపు ఒకటి పెడితే ఆ అంచు కేబుల్‌ను నొక్కదు. ఫోమ్ కేబుల్‌ను ఇరుకు వంపులో ఉంచితే ఎండ వేడికి ఇన్సులేషన్ మెత్తబడి మధ్య తీగ మెల్లగా పక్కకు జరుగుతుంది. కేబుల్‌ను కట్టే ప్లాస్టిక్ టైలను పిండినట్టు బిగించకండి. ఊళ్ళో కోతుల బెడద ఉంటే డాబా మీద వేలాడే కేబుల్‌ను అవి ఊయలగా వాడుకుంటాయి, ఉడుతలు, ఎలుకలు కొరుకుతాయి. కనుక స్తంభం నుంచి గోడ వరకు కేబుల్‌ను పైపులోనే నడపండి, పైపు కింది చివర నీరు కారడానికి తెరిచి ఉంచండి.

కేబుల్ ఆయుష్షు చాలావరకు పై కనెక్టర్ దగ్గరే తేలుతుంది. బిగించిన కనెక్టర్ మీద తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీస్తూ కింది నుంచి పైకి చుట్టండి, దానిమీద ఎండకు తట్టుకునే నల్ల టేపు చుట్టండి. మామూలు ఎలక్ట్రికల్ టేపు ఒక్కటే అయితే ఒక వేసవికే జిగురు కారి ఊడిపోతుంది. కేబుల్ గదిలోకి వచ్చే రంధ్రానికి ముందు ఒక చుట్టు కిందికి వేలాడదీస్తే వాననీరు అక్కడే జారి పడుతుంది, రంధ్రాన్ని బయటి వైపుకు వాలుగా తొలవండి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట పిడుగుపాటు అరెస్టర్ పెట్టి, దాన్ని, అల్లికను, స్తంభాన్ని ఎర్తింగ్‌కు కలపాలి. ఇవన్నీ దగ్గరలో పడిన పిడుగుకు కొంతవరకు పనికొస్తాయి కాని నేరుగా పడితే ఏదీ కాపాడదు. ఉరుములు మొదలయ్యే ముందే కేబుల్‌ను సెట్టు నుంచి ఊడదీసి కిటికీ బయట పెట్టడమే క్షేమం.

ఏటా తొలకరికి ముందు పై కనెక్టర్ టేపు విప్పి చూడండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఆరు నెలలకొకసారి చూడటం మంచిది. అల్లిక రాగిరంగులోనో, వెండిరంగులోనో మెరుస్తుంటే మళ్ళీ చుట్టేయండి. నల్లబడి ఉంటే ఒక జానెడు కోసి, మెరుపు కనిపించే చోట కొత్త కనెక్టర్ వేయండి. అర మీటరు కోసినా లోపల నలుపే కనిపిస్తుంటే నీరు కేబుల్ వెంట చాలా దూరం దిగిపోయిందని అర్థం, ఆ కేబుల్‌ను తీసేసి కొత్తది వేయండి.